గుడ్ల గదిలో చప్పుడు

రాత 1. పిల్ల వయసు: రెండు గంటలు. బరువు: 34 గ్రాములు.

అంకెలు మాత్రమే రాయమన్నారు కమిటీవాళ్లు. పైన రాశాను, చూసుకోండి. పేజీలో ఇంకా బోలెడు చోటు మిగిలింది కాబట్టి జరిగింది కూడా రాస్తాను. ఓపిక లేనివాళ్లు అంకెల దగ్గరే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

పద్నాలుగు కోడిగుడ్లలో ఒక్కటి పగిలింది. మిగతా పదమూడింటినీ ఒక్కొక్కటిగా దీపానికి అడ్డం పెట్టి చూశాను. ఏ ఒక్కదాంట్లోనూ కదలిక లేదు. గిడ్డంగిలో ఎనభై ఏళ్లు నిద్రపోయిన గుడ్లు, అన్నీ లేస్తాయని నేనూ ఆశపడలేదు. కానీ మరీ ఒక్కటేనా అనిపించి కాసేపు స్టూలు మీద కూలబడ్డాను.

ఆ ఒక్కటీ బయటికి రావడానికి పందొమ్మిది గంటలు తీసుకుంది. పెంకుకు చిల్లు పెట్టడం, ఆగడం, లోపలినుంచే కీచుమనడం, మళ్లీ ఆగడం. చెయ్యి వేయబోయి ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నానో లెక్కలేదు. గిడ్డంగివాళ్లు గుడ్లతోపాటు పంపిన కాగితంలో "సాయం చేయరాదు" అని రాసి ఉంది. నాలుగు పేజీల కాగితం. దాన్ని రాసిన మనిషి ఏ ప్రాణినీ ఎప్పుడూ ముట్టుకుని ఉండడని నా అనుమానం.

పిల్ల నల్లగా ఉంది. తల మీద గోరంత పసుపు మచ్చ. తల ఎత్తుతుంది, నిలపలేక వాల్చేస్తుంది. ఎత్తినప్పుడల్లా నా గుండె కూడా లేస్తోంది, వాల్చినప్పుడల్లా పడిపోతోంది. ఇలా అయితే నేను వారం రోజులు బతుకుతానా అని నాకే భయంగా ఉంది.

అందరికీ తెలిసిన సంగతే అయినా రాసి పెడుతున్నాను. ఒక్క పిల్ల వారం బతికినా గిడ్డంగిలో మిగిలిన నలభై గుడ్లూ మన గనికి వస్తాయి. బతకకపోతే పడమటి గనికి పోతాయి. వాటి తర్వాత ఇక ఎక్కడా లేవు. పుట్టిన పిల్ల కడుపులో కొంచెం పచ్చసొన మిగిలి ఉంటుందట. దాని మీద డెబ్బై రెండు గంటలు నెట్టుకొస్తుందట. ఆలోగా తినడం నేర్చుకోవాలి. ఆ నాలుగు పేజీల్లో నాకు పనికొచ్చిన మాట ఇదొక్కటే.

రాత 2. వయసు: తొమ్మిది గంటలు. బరువు: 33.

ఒళ్లు ఆరి బొచ్చు విచ్చుకుంది. ఇప్పుడు చూడముచ్చటగా ఉంది. కానీ కాళ్లు చెరో పక్కకి జారిపోతున్నాయి. లేవబోతుంది, రెండు కాళ్లూ చీలిపోయి పొట్ట మీద పడుతుంది. ఈ గంటలో పదిహేడుసార్లు పడింది.

తప్పు నాదే. పెట్టె అడుగున నున్నటి రెగ్జిన్ పరిచింది నేను. గోళ్ల గీకుడు పైకప్పు చెవులకు అందుతుందేమోనని.

ఈ రాతలు గిడ్డంగివాళ్లు కూడా చదువుతారు కాబట్టి చెబుతున్నాను. మాది బొగ్గు తీసేసిన పాత గని. పైన ఎండకు తాళలేక దిగి వచ్చిన నాలుగు వేలమందిమి ఈ ఖాళీల్లో కాపురం ఉంటున్నాం. పైకప్పు నిండా చప్పుడు పట్టే యంత్రాలు, చెవులంటాం వాటిని, బిగించి ఉంటాయి. ఎక్కడ రాయి కదిలినా, రాళ్ల కింద పడ్డవాళ్లు ఎక్కడినుంచి తట్టినా అవి వినాలి. అందుకని ఇక్కడ ఎవరూ దేన్నీ తట్టరు. తలుపు తట్టం, తాడు లాగుతాం. జొన్నరొట్టె తట్టం, రెండు పలకల మధ్య వత్తుతాం. పెళ్లికైనా చావుకైనా డప్పు ఉండదు. గిన్నెల అడుగున గుడ్డ అంటిస్తాం. పసిపిల్లలు ఏ పళ్లేన్నో వేళ్లతో కొడుతుంటే తల్లులు చటుక్కున ఆ చేతులు పట్టుకుంటారు. మూడుసార్లు తట్టడానికి మా దగ్గర ఒకటే అర్థం: నేనిక్కడ బతికి ఉన్నాను, తవ్వండి.

ఇలా పెరిగినదాన్ని కాబట్టి రెగ్జిన్ పరిచాను. కాళ్లు ఆనడానికి పట్టు కావాలని తట్టలేదు. నా ఎడమ కాలు పదకొండేళ్లుగా సరిగా ఆనడం లేదు, నాకైనా తెలిసి ఉండాల్సింది. రెగ్జిన్ పీకేసి పాత గోనెముక్క పరిచాను.

రాత 3. వయసు: ఇరవై గంటలు. బరువు: 32.

మెత్తటి గుడ్డపీలికతో రెండు కాళ్లనూ దగ్గరగా, వేలెడంత ఎడం ఉండేలా కట్టాను. మూడుసార్లు ఊడింది. నాలుగోసారి నిలిచింది. గోనె మీద పిల్ల నిలబడింది. ఒక అడుగు వేసి, పడి, లేచి ఇంకో అడుగు వేసింది.

షిఫ్టు మారడానికి స్వరూప వచ్చింది. ఈ గదికి నేనొక షిఫ్టు, తనొక షిఫ్టు. ఇదివరకు పంపుల దగ్గర చేసేది. కాళ్లకు కట్టిన పీలిక చూసి, నా కాలు చూసి, ఇద్దరికిద్దరు కుంటోళ్లు మంచిగ కుదిరిన్రు అక్కా అంది. ఇంకొకరు అంటే ఊరుకునేదాన్ని కాదు. కానీ ఆ పిల్ల అడుగు చూసి నేనూ నవ్వేశాను.

పిల్ల వెనక రెట్ట అంటుకుని ఎండిపోయింది. అలాగే వదిలేస్తే కడుపు ఉబ్బి చస్తుందట. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి ఇరవై నిమిషాలు తుడిచాను. అది నన్ను నానా తిట్లూ తిట్టింది. తిట్టనీ, తిట్టే ఓపిక ఉందంటే మంచిదే.

ఒక్కటే బాధ. తినడం లేదు. పెట్టెను వేడినీళ్ల గొట్టం మీద ఆనించాం, వెచ్చదనానికి లోటు లేదు. గొట్టానికి తగిలేలా రేకుమూత ఒకటి పెట్టి, అందులో మెత్తటి జొన్నరవ్వ పోశాం. పిల్ల ఆ రవ్వ మీదే నిలబడుతుంది, దాని మీదే నిద్రపోతుంది. అది తిండి అని దానికి తెలియదు.

రాత 4. వయసు: ముప్పై ఒక్క గంటలు. బరువు: 31.

తినలేదు. ముక్కు నీళ్లకు తాకిస్తే రెండు చుక్కలు తాగింది. రవ్వను తడిపి ముక్కు అంచున రాశాను, తల విదిలించి పారేసింది. నోరు తెరిచి పెట్టబోతే గొంతుకు అడ్డుపడి ఉక్కిరిబిక్కిరైంది. నా ప్రాణం పోయింది. ఇక ఆ పని చేయను.

కాగితం తీసి మళ్లీ చదివాను. "పిల్లలు తల్లిని, తోటిపిల్లలను చూసి మేత నేర్చుకొనును" అని ఉంది. బాగుంది. తల్లి లేదు, తోటిపిల్లలు లేరు. అప్పుడేం చేయాలో ఆ మహానుభావుడు రాయలేదు. పిల్ల మాత్రం కీచుమని, ఆగి, చెవి ఒగ్గి, మళ్లీ కీచుమంటోంది. గుడ్డులో ఉన్నప్పుడూ ఇంతే చేసింది. ఎవరినో పిలుస్తోంది, జవాబు కోసం ఆగుతోంది. మేం ఇద్దరం గుడ్డచెప్పులు వేసుకుని దాని చుట్టూ చప్పుడు కాకుండా తిరుగుతున్నాం.

రాత 5. వయసు: నలభై గంటలు. బరువు: 30.

కోడిని కళ్లతో చూసిన మనిషి మొత్తం గనిలో ఒక్కరే ఉన్నారు, మల్లవ్వ. తొంభై దాటింది. కోళ్లు పోయేనాటికి ఆమె చిన్నపిల్ల. ఏమైనా గుర్తుంటుందేమోనని స్వరూప ఆమెను చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది.

మల్లవ్వ కుర్చీలోంచి వంగి పిల్లను చూసింది. కళ్లనీళ్లు గడ్డం దాకా జారాయి. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ల అవ్వకు ఎర్ర పెట్ట ఉండేదట, పదకొండు పిల్లలను వేసుకుని పెంటకుప్పంతా తిరిగేదట. నేను ఉండబట్టలేక మధ్యలోనే అడిగాను, మేత ఎలా తినేవి అవ్వా అని.

"తల్లి జూపుతదే బిడ్డా. గిట్ల... గిట్ల... గిట్ల జూపుతది."

అంటూ నా మణికట్టు మీద చూపుడువేలు ఆడించింది. వేలు లేస్తోంది, పడుతోంది. పాపం, ముసలితనపు వణుకు అనుకున్నాను. ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పట్టుకుని ఆపాను. ఆమె నా ముఖంలోకి చూసి, ఇంకేదో చెప్పబోయి, అలిసిపోయి కళ్లు మూసుకుంది. స్వరూప కుర్చీ తోసుకుపోయింది. ఇంత కష్టపెట్టి తీసుకొచ్చినా ఏమీ తెలియలేదే అని దిగులుపడ్డాను.

రాత 6. వయసు: నలభై ఏడు గంటలు. బరువు: 29.

నేనెంత తెలివితక్కువదాన్నో కమిటీవారికి తెలియాలి కాబట్టి ఈ రాత వివరంగా రాస్తున్నాను.

గది మూలన పైకప్పునుంచి నీటిచుక్క కారుతుంది. దాని కింద ఎప్పుడూ గుడ్డ ఉంటుంది, రూలు అది. ఇందాక నా కుంటికాలు తగిలి ఆ గుడ్డ జరిగింది. చుక్క, గుడ్డ కింద ఉన్న ఖాళీ డబ్బా మూత మీద పడింది. టప్.

నిద్రలో తల వాల్చి ఉన్న పిల్ల కళ్లు తెరిచింది. ఇంకో చుక్క పడింది. పిల్ల మెడ సాచింది, అటు తిరిగింది, గోనె మీద టక్కున ముక్కుతో పొడిచింది. పుట్టిన తర్వాత మొదటిసారి పొడవడం అది. నేనేం చేశానో తెలుసా? అలవాటుకొద్దీ పరుగున పోయి చుక్క కింద గుడ్డ సర్దాను. సర్దాక, వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను.

మల్లవ్వది వణుకు కాదు. తల్లికోడి ముక్కుతో నేలను పొడిచి చూపిస్తుంది. ఆ చప్పుడు విని, ఆ కదలిక చూసి పిల్ల పొడుస్తుంది. ముసలామె చేసి చూపిస్తుంటే నేను తల్లులు పసిపిల్లల చేతులు పట్టుకున్నట్టు పట్టుకుని ఆపేశాను.

రవ్వ పక్కనే చుక్క పడేలా చేసి చూశాను. రవ్వ ముద్దయింది, పిల్ల తడిసి గజగజ వణికింది. తుడిచి వెచ్చచేసేసరికి నా పని అయిపోయింది. దానికి కావలసింది నీళ్లు కాదు, రేకు మీద వేలిగోరు.

రాత 7. వయసు: యాభై రెండు గంటలు. బరువు: 28.

రాజనర్సు అన్న దగ్గరికి వెళ్లొచ్చాను. చెవుల గదికి పెద్ద ఆయన. గనిలో ఏ చెవి ఏం వింటోందో ఆయన బల్ల మీద తెలుస్తుంది. మూడు తట్లు వినిపించాయంటే ఎర్రదీపాలు వెలుగుతాయి, గాలి ఫ్యాన్లు ఆగిపోతాయి, అందరూ గట్టిగదుల్లోకి పోయి నోరు మూసుకుని నిలబడాలి. ఫ్యాన్లు ఆగితే తప్ప రాళ్ల కింద తట్టేవాళ్ల జాడ తెలియదు. నాలుగు వేలమంది కదలని గాలిలో నిలబడటం చిన్న విషయం కాదు. కిందటేడు ఒకడు పొరపాటున తడితే ఉబ్బసంతో ఒక పెద్దాయన చావు దాకా పోయి వచ్చాడు. తట్టినవాణ్ని ఉన్న పనినుంచి తీసేసి జీవితాంతం పంపులకు పంపారు.

ఇవన్నీ తెలిసే అడిగాను. గుడ్ల గదిలో ఉన్న ఒక్క చెవిని ఒక్క గంట ఆపమన్నాను.

ఆయన బల్ల మీదినుంచి తల ఎత్తలేదు. "ఆ దినం గూడ ఒక్క చెవే బంద్ ఉండె, ఓదెమ్మా. ఏడు గంటలు కొట్టినవ్. ఎవ్వలు వినలే. నాకు యాదికున్నది, నీకు లేదా?"

నాకు లేకపోవడమేమిటి. పదకొండేళ్ల కింద మూడో గ్యాలరీ సొరంగం కూలినప్పుడు కాలు రాతి కింద నలిగి పడి ఉన్నది నేను. ఆ గ్యాలరీ చెవిని మరమ్మతు కోసం విప్పారు. మూడు తట్టి ఆగేదాన్ని, జవాబు లేదు. మళ్లీ మూడు, మళ్లీ జవాబు లేదు. ఎనిమిదో గంటలో నీళ్ల గొట్టం మీద రెండు తట్లు వినిపించాయి. వింటున్నాం అని దానర్థం. ఆ గొట్టానికి చెవి ఆనించి వెతుక్కుంటూ వచ్చింది రాజనర్సు అన్న. తవ్వి తీయడానికి ఇంకో పన్నెండు గంటలు పట్టింది. ఆ పన్నెండు గంటలూ నేను మూడు తడితే ఆయన రెండు తట్టాడు, ఒక్కసారి కూడా మానలేదు. ఆ రెండు తట్ల మీదే నేను బతికాను.

అందరికీ ముందే చెప్పి తడతానని బతిమాలాను. అదే సమయానికి నిజంగా ఎవరో పడి తడితే ఎలా తెలుస్తుందని అడిగాడు. ఆయన మాట తప్పు కాదు, అదే నాకు ఏడుపు తెప్పించింది. వచ్చేస్తుంటే మాత్రం వెనకనుంచి మెల్లగా అడిగాడు, పిల్ల ఎంత ఉందని. ఇరవై ఎనిమిది గ్రాములని చెప్పాను.

రాత 8. వయసు: యాభై ఎనిమిది గంటలు. బరువు: 27.

తట్టకుండా చేయగలిగినవన్నీ చేశాను. వేలికొసతో గోనె మీద మెత్తగా అద్దాను, పిల్ల కళ్లు తెరవలేదు. నాలుకతో టక్ టక్‌మన్నాను. కళ్లు తెరిచింది కానీ నా నోటి వైపు చూసింది, రవ్వ వైపు చూడలేదు. స్వరూప కొక్కొక్కొమని పాడింది, ఎంత బాగా పాడిందో. పిల్ల దాని గొంతు వైపు జరిగి అక్కడే పడుకుంది.

ఇప్పుడది నిలబడటం లేదు. కీచుమనడం తగ్గించింది. ఇందాకటి దాకా పిలిచి, ఆగి, వినేది. ఇప్పుడు పిలవడం లేదు.

జవాబు రాని ఏడు గంటల్లో ఆరో గంట ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆరో గంటలో నేనూ తట్టడం మానేశాను. ఎంతసేపు మానేశానో తెలియదు. ఎందుకు మళ్లీ మొదలుపెట్టానో కూడా తెలియదు. ఇది కమిటీకి సంబంధించిన విషయం కాదు. కొట్టేయాలనుకుంటే కొట్టేసుకోండి.

రాత 9. వయసు: అరవై నాలుగు గంటలు. బరువు: 26.

తట్టాను.

స్వరూప ఆ సమయానికి గదిలో లేదు. దానికి ముందుగా చెప్పలేదు. ఈ తప్పులో దానికి భాగం లేదు, ఇది స్పష్టంగా రాస్తున్నాను.

పిల్లను ఎత్తి రేకుమూత పక్కన పెట్టాను. తల ఒక పక్కకి వాలిపోయింది. చూపుడువేలి గోరుతో రవ్వ మధ్యన తట్టాను. ఒకటి, రెండు, మూడు. కోడి అయితే ఆగదేమో. నా చెయ్యి మూడుకు ఆగిపోయింది, దానికి అంతే వచ్చు.

పిల్ల ఒక కన్ను తెరిచింది. అంతలో గదిలో ఎర్రదీపం వెలిగింది. ఫ్యాన్ల హోరు తగ్గి తగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం మీకు తెలుసు. గోడ మీద "పొరపాటు" తాడు ఉంది. దాన్ని లాగితే రెండు నిమిషాల్లో ఫ్యాన్లు తిరుగుతాయి. తాడు చేతికందే దూరంలోనే ఉంది.

అప్పుడు గొట్టం మీద రెండు తట్లు వచ్చాయి.

ఆయన చెవుల గదిలోంచి జవాబిస్తున్నాడు. ఎవరు తట్టినా జవాబివ్వడం ఆయన మొదటి పని. పెట్టె ఆ గొట్టం మీదే ఆనించి ఉంది కదా. ఆ రెండు తట్లూ రేకుమూత అడుగునుంచి వచ్చాయి. రవ్వ నూకలు గెంతాయి. పిల్ల తల ఎత్తింది. గెంతిన నూకను పొడిచింది. ముక్కుతో పట్టింది. మింగింది.

నేను తాడు లాగలేదు. మళ్లీ మూడు తట్టాను. గొట్టంలోంచి మళ్లీ రెండు వచ్చాయి. నూకలు గెంతాయి, పిల్ల పొడిచింది. తర్వాత నా గోరును పొడిచింది, గోరు పక్కనున్న నూకను పొడిచింది. నేను ఏడుస్తున్నాను, చెయ్యి ఆడుతూనే ఉంది. మూడు, రెండు. మూడు, రెండు. పదకొండు నిమిషాలు అలా చేశాను. పదకొండు నిమిషాలు నాలుగు వేలమందికి గాలి ఆపేశాను. నాకు తెలిసే ఆపాను, తెలియక కాదు. పిల్ల తనంతట తాను, ఎవరూ తట్టకుండా, వరుసగా ఐదు నూకలు తిన్నాకే తాడు లాగాను.

రాత 10. వయసు: అరవై ఆరు గంటలు. బరువు: 26.

తాడు లాగానో లేదో తలుపు తెరుచుకుంది. రాజనర్సు అన్న, వెనక తవ్వేవాళ్లు నలుగురు, చేతుల్లో గడ్డపారలు. గొట్టం వెంట జవాబు తడుతూనే పరుగెత్తి వచ్చారు, ఒకరికీ ఊపిరి ఆడటం లేదు. ఆయనకు డెబ్బై ఏళ్లు. ఆయన పైకప్పు చూశాడు, గోడలు చూశాడు, నన్ను తలనుంచి కాళ్ల దాకా చూశాడు. ఎక్కడా రాయి కూలలేదు.

అరుస్తాడనుకున్నాను. చేతులు వణుకుతున్నాయి ఆయనకు, ఈసారి నేను వాటిని పట్టుకోలేదు.

"మూడు కొట్టి ఆగె తీరు ఇన్నంక నువ్వే అని ఎరుకైంది," అన్నాడు. "మల్ల కింద పడ్డవనుకున్న, ఓదెమ్మా."

దాని కంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. సిగ్గుతో నా తల వాలిపోయింది. తప్పు నాదే అన్నా అన్నాను. అందరూ అలా నిలబడి ఉండగా టక్, టక్ అని పైకప్పు చెవికి అందనంత చిన్న చప్పుడు. పిల్ల రేకుమూత మీద తింటోంది. తవ్వేవాళ్లలో ఒకతను గడ్డపార మెల్లగా గోడకు ఆనించి కిందికి వంగి చూశాడు. రాజనర్సు అన్న తిరిగి వెళ్లిపోయాడు.

స్వరూప పరుగున వచ్చి జరిగింది చెప్పింది. గట్టిగదుల్లో ఎవరికీ ఏమీ కాలేదట. ఉబ్బసం పెద్దాయనకు మాస్కు పెట్టారట, కుదురుకున్నాడట. అది విన్నాకే నేను ఊపిరి పీల్చుకున్నాను.

హెచ్చరిక రిజిస్టరులో చెవుల గది పెద్ద ఏం రాస్తే దాన్నిబట్టి కమిటీ నిర్ణయిస్తుంది. "ఉత్త చప్పుడు" అని రాస్తే నేను పంపులకు. అలా రాయకపోతే నాకు శిక్ష ఉండదు కానీ, ఆయన తన పని తాను చేయనట్టు. ఆయన అలాంటి మనిషి కాదు.

రాత 11. వయసు: డెబ్బై ఒక్క గంటలు. బరువు: 27.

ఒక్క గ్రాము పెరిగింది. త్రాసు తప్పేమోనని నాలుగుసార్లు తూచాను. అది తూచనివ్వడం లేదు, గిన్నెలోంచి దూకుతోంది.

నా తర్వాత వచ్చేవాళ్ల కోసం రాసి పెడుతున్నాను. కాళ్ల పీలిక రేపటికి విప్పేయాలి. గోనె మార్చాలి, రెగ్జిన్ మాత్రం వద్దు. వెనకవైపు రోజుకు రెండుసార్లు చూడాలి. నలభై గుడ్లు వచ్చాక ఈ పిల్లను వాటితో కలపండి, చిన్నవాటికి మేత ఇది చూపిస్తుంది. అప్పుడు ఎవరూ దేన్నీ తట్టనక్కర్లేదు. మల్లవ్వను ఒకసారి తీసుకొచ్చి చూపించండి. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపినందుకు క్షమించమన్నానని చెప్పండి.

ఈ పుస్తకం ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కావడం లేదు. ఇన్నేళ్లలో నాకు ఇష్టమైన పని ఇదొక్కటే దొరికింది.

రాత 12. వయసు: డెబ్బై ఐదు గంటలు. బరువు: 29.

రాజనర్సు అన్న వచ్చాడు. తాడు లాగి, నేను తలుపు తీసేదాకా బయటే నిలబడ్డాడు. చంకలో హెచ్చరిక రిజిస్టరు ఉంది. కమిటీ చూసి సంతకం పెట్టి పంపిందట. పంపులకు పోవడానికి నేను పెట్టె దగ్గర సర్దుకుంటున్న సామాను వైపు చూశాడు.

స్టూలు మీద కూర్చుని పెట్టెలోకి వేలు దించాడు. పిల్ల వచ్చి ఆయన గోరు పొడిచింది. ఆయన వేలు తీయలేదు. ఇంకెప్పుడూ తట్టొద్దని నాకు చెప్పాడు, తట్టనని నేను చెప్పాను. ఆ పదకొండు నిమిషాల్లో నిజంగా ఎవరైనా పడి ఉంటే అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వదు, పోనివ్వకూడదు కూడా.

తర్వాత రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టాడు. అన్ని హెచ్చరికలకూ ఉండే గడులే అందులో ఉన్నాయి. ఆయన గుండ్రటి అక్షరాలతో నింపి ఉన్నాయి. పదకొండేళ్ల కిందట నా పేరు మీద రాసిన వరుస గుర్తుకొచ్చింది, అప్పుడూ ఇవే గడులు. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

ఎక్కడ: గుడ్ల గది.

తట్టింది ఎవరు: ఓదెమ్మ.

ప్రాణాలు ఎన్ని: ఒకటి.

దొరికిందా: దొరికింది.